ఎదురింటి గ్లాసు

పేజీ 1

కుడిచెయ్యి మళ్ళీ దారికి రావాలంటే రోజుకో పేజీ రాయమన్నాడు డాక్టరు. ఏం రాయమంటారని అడిగితే, ఇంట్లో జరిగిందేదో రాయండి అన్నాడు. మా ఇంట్లో ఏం జరుగుతుంది? పొద్దున్నే లేచి కిటికీ అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడుస్తాను. కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ పేరుకుంటుంది. కొత్త కాకినాడలో, కింద ఆరంతస్తులు సముద్రంలో మునిగి ఉన్న బిల్డింగులో కాపురం చేస్తూ ఉప్పు మీద కోపం తెచ్చుకోకూడదు. నేను తెచ్చుకుంటాను. నా పేరు తరుణ్. వయసు డెబ్భై దగ్గరపడింది. పేరు పెట్టినప్పుడు మా అమ్మ ఇంత దూరం ఆలోచించలేదు.

అయితే ఇవాళ నిజంగానే ఒకటి జరిగింది. ఎవరో తలుపు కొట్టారు. మా వీధిలో తలుపు కొట్టేవాళ్ళు లేరు. వీధి అంటే మా అంతస్తులో అటూ ఇటూ గుమ్మాలున్న నడవా. ఎవరికేం కావాలన్నా గుమ్మం పక్క గూట్లోకి దానంతటదే వచ్చి పడుతుంది కాబట్టి ఒకరి తలుపుతో ఒకరికి పనిలేదు. వెళ్ళి తీస్తే ఎదురింటి ప్రణవ్ గారు. మడత నలగని చొక్కా, చేతిలో పాత స్టీలు గ్లాసు.

"కాఫీ పొడి ఉంటే కాస్త ఇస్తారా అండి? మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తాం" అన్నారు.

చేబదులు అడిగిన మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో. చిన్నప్పుడు మా అమ్మ కూడా నా చేతికి గ్లాసిచ్చి పక్కింటికి తరిమేది. మౌనిక వంటింట్లోంచి తొంగిచూసి, విషయం తెలిసి, పండగొచ్చినంత సంబరపడిపోయింది. గ్లాసులో పోస్తే ఒలుకుతుందని డబ్బా డబ్బా ఇచ్చేసింది. ఆ గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. సుభద్ర. వాళ్ళమ్మ గారి పేరట.

ఆయన ఇలా వెళ్ళారో లేదో చెలి అందుకుంది. "బాబాయ్ గారూ, కాఫీ పొడి డబ్బా షెల్ఫులో లేదు. కొత్తది పంపించనా?"

"వద్దు" అన్నాను. వద్దనకపోతే వచ్చేస్తుంది. ఊరుకుంటే సరేనన్నట్టు లెక్క.

చెలి గురించి ఈ కాగితం మీదే రాయగలను, ఎందుకంటే పైకి అంటే వింటుంది. వంటింటి గోడలో ఉండే గొంతు అది. డబ్బా అడుగున ఉండే బిళ్ల ఎప్పుడు మూత తీశామో, ఎంత తీశామో, ఎక్కడ పెట్టామో చెలికి మోస్తుంది. ఏది అయిపోతోందో మనకంటే ముందు దానికి తెలుసు. ఏది కొత్తగా కావాలనిపించాలో కూడా దానికే తెలుసు. నన్ను బాబాయ్ గారూ అంటుంది. మా అన్నయ్య కూతురు అచ్చం అలాగే సాగదీసి పిలిచేది, ఆ పిల్ల అడిగిందేదీ నేను కాదని ఎరగను. ఆ సంగతి చెలికి ఎవరు చేరవేశారో నాకు తెలియదు. నా రాత మాత్రం దానికి అర్థం కాదు. నాకూ కాదనుకోండి.

పేజీ 2

డబ్బా తిరిగొచ్చింది. ప్రణవ్ గారి భార్య లాస్య గారే తెచ్చారు. మూత తీస్తే సగం కాఫీ పొడి, దాని మీద కాగితంలో చుట్టిన నువ్వులుండలు.

"ఉత్త డబ్బా ఎలా ఇస్తాను వదినా" అన్నారు మౌనికతో. నవ్వారు గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "మా ఆయన మిమ్మల్నేమైనా ఇబ్బంది పెట్టేరా?"

"ఇబ్బందేంటి వదినా. రోజూ రమ్మనండి" అంది మౌనిక.

నువ్వులుండ నోట్లో వేసుకుని ఒక్క క్షణం ఆగిపోయాను. ఎన్నాళ్ళుగానో సాయంత్రం పూట సజ్జ బిస్కెట్లు తింటున్నాను. ఎందుకు తింటున్నానని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. చెలి ఒకసారి మంచివంది, ఊరుకున్నాను, అప్పట్నుంచీ వస్తున్నాయి. నాకు ఇష్టమైనవి నువ్వులుండలు. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

పేజీ 4

ప్రణవ్ గారు రోజూ వస్తున్నారు. అదే గ్లాసు, అదే మాట. మౌనిక ఓ రోజు కాఫీ పొడి పోస్తుంది, ఓ రోజు దానితోపాటు కరివేపాకు పొడి పొట్లం పెడుతుంది. అటునుంచి లాస్య గారు నిమ్మకాయ పచ్చడో, చెక్కలో పంపుతారు. మౌనిక పని చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. మా పెళ్ళయిన కొత్తల్లో తీసేది.

"ఎంత సంస్కారం ఉన్న మనిషో చూసేరా" అంది నాతో. "అందరం చెలి కొంగు పట్టుకుని తిరుగుతుంటే ఆయనొక్కరే నిమ్మళంగా గ్లాసు పట్టుకొస్తున్నారు. మీరూ వెళ్ళొచ్చుగా ఓసారి."

వెళ్దామనే అనుకున్నాను. గ్లాసు తీసుకుని గుమ్మందాకా వెళ్ళాను కూడా. ఇంట్లో అన్నీ పెట్టుకుని ఏమని అడగాలో తెలియక సిగ్గేసి వెనక్కొచ్చేశాను.

పేజీ 7

చెలికి ఏదో అయింది. లేక నాకే అయిందో.

ఇవాళ సాయంత్రం మౌనిక పప్పు కడుగుతుంటే వంటింట్లోంచి, "అమ్మా, నాన్నగారి కోసం దారి చెప్పే చెప్పులొచ్చాయి. బయటికెళ్ళి ఇల్లు మర్చిపోయినా అవే తీసుకొస్తాయి" అని వినపడింది. గొంతు చెలిదే, కానీ తీరు వేరు. పక్కనే కూర్చుని భుజం మీద తల ఆనించి చెబుతున్నట్టుంది. మౌనికని ఎప్పుడూ పిన్నీ అనే చెలి అమ్మా అనడం ఇదే మొదటిసారి.

కాసేపటికి, కిందపడినా పగలని కంచాలు. ఆ తర్వాత, తలుపుకి చెయ్యందనంత ఎత్తులో బిగించే గడియ. "నాన్నగారు పొయ్యి వెలిగించి మర్చిపోతే దానంతటదే ఆరిపోయేది కూడా ఉందమ్మా."

నాన్నగారంటే నేనే కదా. చెయ్యి కాస్త చచ్చుబడింది గానీ బుర్రకేం కాలేదని గట్టిగా అరిచాను. మౌనిక తలెత్తకుండా పప్పు కడుగుతూనే ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పేజీ 9

చెప్పులు వచ్చేశాయి. ఎవరం అవునన్నామో తెలియదు. నేనైతే ఊరుకున్నానంతే. మూడు సాయంత్రాలు వరసగా అదే మాట వింటే మనిషికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మొన్న గుర్తురాలేదు. నిన్న పాల గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోయాను. ఇలాంటివి ముప్ఫై ఏళ్ళుగా మర్చిపోతూనే ఉన్నాను, కానీ ఇప్పుడు ప్రతి మరుపునీ లెక్కపెడుతున్నాను.

చెప్పులు వేసుకుని వంటింట్లోకి నడిస్తే, "మీ మంచం వెనకవైపు ఉంది" అన్నాయి. తీసి మూలన పడేశాను.

మౌనిక నా వెంటే తిరుగుతోంది. నేను స్నానానికెళ్తే తలుపు దగ్గర ఊరికే నిలబడుతోంది. అన్నం తినేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీకేం కాదు. అయినా నేనున్నాను కదా, ఇద్దరికీ నేనే గుర్తుపెట్టుకుంటాలెండి" అంది. ఏడవకూడదనుకున్నాను. పచ్చడి కారంగా ఉందని చెప్పి మంచినీళ్ళు తాగాను.

పేజీ 11

తల తిరిగిపోయింది ఇవాళ. ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం లాస్య గారు గిన్నె ఇవ్వడానికి వంటింట్లోకి వచ్చారు. మౌనిక గిన్నె అందుకుంటుంటే గోడలోంచి చెలి, "అమ్మా" అంది.

"ఆఁ" అని పలికారు లాస్య గారు.

"నాన్నగారిని స్వస్తి నిలయానికి పంపిద్దామా? కింద పన్నెండో అంతస్తులోనే. మరుపున్న పెద్దవాళ్ళని మొదటి పక్షం ఊరికే చూసుకుంటారు."

"వద్దమ్మా. వద్దని చెప్పేను కదా" అన్నారావిడ. అనేసి, ఎక్కడున్నారో అప్పుడు గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మౌనిక షెల్ఫు మీది కాఫీ పొడి డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. మా డబ్బా ఒకసారి నా చేతిలోంచి జారి అంచు సొట్టపోయింది. దీనికి సొట్ట లేదు. మా వీధిలో అందరివీ ఆకుపచ్చ మూత డబ్బాలే. మీ ఎదురింటివాళ్ళు కూడా తీసుకున్నారు పిన్నీ అని మాతో, మీ ఎదురింటివాళ్ళు తీసుకున్నారమ్మా అని వాళ్ళతో చెప్పి ఒకే వారంలో అందరికీ అంటగట్టింది చెలి. ఆ మొదటి రోజు లాస్య గారు మాది అనుకుని తమది తెచ్చి ఇచ్చేశారు. బిళ్లతోపాటు వాళ్ళ చెలి కూడా మా ఇంటికి వచ్చేసింది.

లాస్య గారు వంటింట్లో పీట మీద కూలబడి చెప్పారు. ప్రణవ్ గారు తాగిన కాఫీ మర్చిపోయి మళ్ళీ కలుపుకుంటారట. రోజంతా ఆ డబ్బా మూత తీస్తూనే ఉంటారట, ఆ లెక్కంతా బిళ్ల చెలికి మోసేసింది. ఒకసారి పొయ్యి మీద గిన్నె మాడి పొగ కమ్మేసిందట. అందుకని డబ్బా పై అరలో దాచారు. దొరక్కపోతే ఆయన గ్లాసు పట్టుకుని మా తలుపు కొట్టారు.

"ఆయనకి చెలి ఎవరో గుర్తులేదు అన్నయ్య గారూ. గూడు సంగతీ గుర్తులేదు. చిన్నప్పటివే ఉన్నాయి. పొడి అయిపోతే ఎదురింటికెళ్ళాలి, అంతే" అన్నారు.

మేమేమో సంస్కారం అనుకుని మురిసిపోయాం.

పేజీ 12

నిన్నటిది ఇంకా అవలేదు. చెయ్యి నొప్పెట్టి ఆపేశాను.

డాక్టరు గారు మందులిచ్చి, అలవాటైన చోటే ఉంచండి, తోడు మాత్రం ఉండాలి అన్నారట. తోడు ఎక్కణ్ణుంచి వస్తుంది? వాళ్ళకి పిల్లలు లేరు. పిల్లలు లేని మనిషిని చెలి అమ్మా అని పిలుస్తోంది. అది తెలిసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయనకి అన్నం పెట్టి, మూతి తుడిచి, అలా కుర్చీలో వాలేసరికి మొదలెడుతుందండి" అన్నారు లాస్య గారు. "ఎంత బాగా మాట్లాడుతుందో. పొద్దున్న అడిగితే తిట్టేదాన్ని. పొద్దున్న అడగదు. నాకు ఓపిక అయిపోయాకే అడుగుతుంది. ఏదో ఒక రోజు వద్దనకుండానే కన్ను మూతపడిపోతుంది. తెల్లారేసరికి తీసుకెళ్ళిపోతారు."

"పక్షం రోజులే కదా వదినా" అంది మౌనిక, ఆవిణ్ణి ఊరడించాలని.

"కొత్త చోట పక్షం ఉంటే ఆయనకి ఈ గుమ్మం గుర్తుండదు. నేను గుర్తుంటానో లేదో. అప్పుడు అక్కడే ఉంచెయ్యమని నేనే చెప్పాల్సొస్తుంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత ఆవిడే మళ్ళీ, "అయితే ఈ వారం పదిరోజులుగా మా ఇంట్లో ఆ ఊసే లేదు. మనసు మార్చుకుందనుకున్నాను. మోకాళ్ళకి నూనె కొనుక్కోమంటోంది. నన్ను పిన్నీ అంటోంది" అన్నారు. ఆ మోకాళ్ళు మౌనికవి.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మౌనిక అప్పుడంది. "అయితే ఇది ఇక్కడే ఉంటుందిలెండి. మీ బదులు మేమే వద్దంటాం. మాకు ఓపికుంది."

పేజీ 16

పథకం నడుస్తోంది. మేమిద్దరమే అయితే మేమూ అలిసిపోతామని మౌనిక మూలింటి రిత్విక్ గారిని కూడా కలిపింది. ఆయన ఒంటరి మనిషి, కచేరీలకి మృదంగం వాయిస్తారు. ఒక రోజు డబ్బా మా ఇంట్లో, ఒక రోజు ఆయన ఇంట్లో. ఊరికే పంపకూడదు కాబట్టి అందులో ఏదో ఒకటి వేసి పంపాలి. రిత్విక్ గారికి వంట రాదు. నిన్న వేయించిన వేరుశనగలు వేసి పంపారు, సగం మాడినవి.

"ఆ పిల్ల నన్ను అమ్మా అంటుంటే ఎలాగోలా ఉందండి" అని నవ్వారు. "ఎన్నిసార్లు వద్దంటే అన్నిసార్లు కొత్తగా అడుగుతుంది. మా గురువు గారికి కూడా ఇంత ఓర్పు లేదు."

పగలు ప్రణవ్ గారు ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటారు. రిత్విక్ గారింట్లో అయితే మృదంగానికి తాళం వేస్తారు, ఎక్కడా తప్పరు. మా ఇంట్లో అయితే నాతోపాటు కిటికీ ఉప్పు తుడుస్తారు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తారు. ఆ అద్దానికి అది అవసరమే. దారి చెప్పే చెప్పులు ఆయనకి ఇచ్చేశాను. "మీ ఇల్లు వెనకవైపు ఉంది" అని అవి అంటే, "ఎదురింటికెళ్తున్నాలే, నువ్వూరుకో" అని వాటితో గొడవపడుతూ వస్తారు.

లాస్య గారు నిన్న మధ్యాహ్నం నిద్రపోయారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూస్తే, ఈ వీధిలో ఇన్నేళ్ళూ తలుపులేసుకుని ఏం చేశామా అనిపించింది.

పేజీ 22

ఘోరం చేశాను.

ఇవాళ డబ్బా మాది. లాస్య గారికి జ్వరమని రెండిళ్ళ వంటా మౌనికే చేసింది. దీపాలు పెట్టే వేళకి వంటింట్లోనే స్టూలు మీద కూర్చుని గోడకానుకుని నిద్రపోయింది. నేను మంచినీళ్ళకని వెళ్ళాను.

"అమ్మా" అంది చెలి. "అలిసిపోయావు కదూ."

వద్దు అనడానికి నోరు తెరిచాను. ఆ తర్వాతి మాట విందామనిపించింది.

"ఒక్కదానివే ఎంతని మోస్తావమ్మా. తిన్నావా అని నిన్నెవరైనా అడిగారా ఇవాళ? నీ కాళ్ళు చూసుకున్నావా?"

నేను మౌనిక కాళ్ళు చూశాను. చీలమండల దగ్గర వాచి ఉన్నాయి. నా చెయ్యి పడిపోయినప్పట్నుంచీ నాకు అన్నం కలిపిపెట్టింది, గుండీలు పెట్టింది, గడ్డం గీసింది. తిన్నావా అని నేను అడగలేదు. ఇవాళే కాదు, ఈ మధ్య ఎప్పుడూ అడగలేదు. ఆ గొంతు అమ్ముతున్నది స్వస్తి నిలయమని నాకు తెలుసు. తెలిసినా, అది చెబుతున్నది నిజమే. నిజం చెబుతున్నదానికి వద్దని ఎలా అంటాను? అలా చూస్తూ నిలబడిపోయాను.

"సంతోషం అమ్మా. పొద్దున్నే వస్తారు" అంది చెలి.

అప్పుడు వద్దు, వద్దు అని అరిచాను. మౌనిక ఉలిక్కిపడి లేచింది. ఒప్పుకున్నాక చెలి వినదు. ఇంటికొచ్చిన మనిషికే చెప్పుకోవాలి. మౌనిక, "మీరు తిన్నారా" అని అడిగింది. నువ్వు తిన్నావా అన్నాను. నవ్వింది.

పేజీ 23

వచ్చారు. లేతాకుపచ్చ బట్టల్లో ఒక అమ్మాయి, చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒకతను. అమ్మాయి పేరు సీతారావమ్మట. ఈ కాలం పిల్లలకి పాత పేర్లు ఫ్యాషను.

డబ్బా ఎక్కడుందో అక్కడికే వస్తారు కాబట్టి మా గుమ్మంలోకే వచ్చారు. నేను ముందే నిర్ణయించుకున్నాను. డబ్బా మాది కాదంటే ఎవరిదని అడుగుతారు. కాబట్టి ఆ నాన్నగారు నేనే. ఎదురింటి తలుపు వేసే ఉంచమని లాస్య గారికి చెప్పాం.

సీతారావమ్మ పలక తీసి ప్రశ్నలడిగింది. పేరేమిటి, ఇది ఎన్నో అంతస్తు, పొద్దున ఏం తిన్నారు. అన్నీ చెప్పాను. తర్వాత, "చివరగా ఏం కొన్నారు తాతగారూ?" అంది.

"చెప్పులు. దారి చెప్పేవి."

"ఎందుకు కొన్నారు?"

ఎంత వెతికినా కారణం దొరకలేదు. చివరికి నిజమే చెప్పాను. "చెలి చెప్పిందమ్మా."

ఆ అమ్మాయి పలక మీద వేలు ఆనించింది. "సరిగ్గా ఉన్నారు. బుర్ర బాగున్నవాళ్ళందరూ ఇదే చెబుతారు."

హమ్మయ్య అనుకునేలోపు వీధిలో చెప్పుల మాట వినిపించింది. మీ ఇల్లు వెనకవైపు ఉంది. వెనకవైపు ఉంది. గుమ్మంలో ప్రణవ్ గారు, చేతిలో గ్లాసు. ఆయన వెనక జ్వరం మొహంతో లాస్య గారు పరుగెత్తుకొస్తున్నారు.

"కాఫీ పొడి ఉంటే కాస్త ఇస్తారా అండి?"

సీతారావమ్మ తిరిగి చూసింది. "మీ ఇంట్లో అయిపోయిందా తాతగారూ? చెలి చెప్పలేదా?"

"ఏ చెలి అమ్మా?"

మౌనిక నా భుజం గట్టిగా పట్టుకుంది.

"కొనుక్కోవచ్చు కదండీ" అంది ఆ అమ్మాయి.

"కొనడమెందుకమ్మా? ఎదురింట్లో ఉందిగా" అన్నారు ప్రణవ్ గారు, ఇంత చిన్న విషయం తెలియదేమిటన్నట్టు.

"మిమ్మల్ని ఎవరు పంపించారు?"

"మా అమ్మండి."

లాస్య గారు గోడ పట్టుకున్నారు. మాకందరికీ అర్థమైపోయింది. ఆ ప్రశ్నలు ఈయన్ని అడిగితే ఒక్కదానికీ జవాబు ఉండదు. కుర్చీ తెచ్చినతను ప్రణవ్ గారి వైపు చూసి, కుర్చీ కాస్త అటు తిప్పాడు. సీతారావమ్మ దగ్గరికెళ్ళి గ్లాసు మీది పేరు చదివింది. వేలితో ఆ చుక్కలు తడిమింది. ఆ తర్వాత మమ్మల్ని చూసింది, స్టూలు మీది ఆకుపచ్చ మూత డబ్బాని చూసింది, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రిత్విక్ గారిని చూసింది. ఆయన చేతిలో వేరుశనగల పొట్లం ఉంది.

"ఈయన్ని పగలు ఎవరు చూసుకుంటారు?" అంది.

"మేమే" అన్నాం. ముగ్గురం ఒక్కసారే అన్నట్టున్నాం.

"మరి ఈవిడ నిద్రపోతున్నారా?" లాస్య గారిని చూపించింది.

"ఇప్పుడు పోతున్నానమ్మా" అన్నారు లాస్య గారు.

ఆ అమ్మాయి పలక మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాకు ఈ డబ్బా గురించే పిలుపొచ్చింది. ఈ ఇంటి తాతగారు బాగున్నారు. అంచనా తప్పని రాసేస్తున్నాను. ఇంక దీని మీద మా నిలయం ఊసెత్తదు" అని పలక మూసేసింది. కుర్చీ అతను ఏదో అనబోతే, "పద" అంది. వెళ్ళేముందు మౌనికతో మెల్లిగా, "నిజంగా చేతకాని రోజొస్తే చెలికి కాదు, నాకు చెప్పండి. నేనే వస్తాను" అంది. మౌనిక ఆ అమ్మాయి చేతిలో నువ్వులుండలు పెట్టింది.

ప్రణవ్ గారు ఇంకా అక్కడే ఉన్నారు. "కాఫీ పొడి" అన్నారు. మౌనిక గ్లాసందుకుని అంచుదాకా పోసింది. పోస్తూ ఏడ్చింది.

పేజీ 41

ప్రణవ్ గారు కొంచెం కొంచెంగా జారిపోతూనే ఉన్నారు. ఈ వారంలో ఒక్కసారే తలుపు కొట్టారు. కొట్టి, ఎందుకొచ్చారో గుర్తురాక నిలబడిపోయారు. గ్లాసు మా ఇంట్లోనే మర్చిపోయారు. మేం లోపలికి రమ్మంటే వచ్చి అద్దం తుడిచారు. రిత్విక్ గారి తాళం మాత్రం ఇంకా తప్పలేదు. ఇది బాగయ్యే జబ్బు కాదని లాస్య గారికి తెలుసు, మాకూ తెలుసు. అయినా ఎవరి డబ్బా వాళ్ళింటికి చేరింది, ఆ ఇంట్లో సాయంత్రాలు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటాయి.

ఇవాళ చెలి, "బాబాయ్ గారూ, కాఫీ పొడి అడుగంటింది. పంపించనా?" అంది.

"వద్దు."

"రేపు పొద్దున్నకి ఉండదు బాబాయ్ గారూ." అచ్చం మా అన్నయ్య కూతురి లాగే అంది.

"వద్దమ్మా" అన్నాను. సుభద్ర గారి గ్లాసు తీసుకున్నాను. గుమ్మం దాటాక గమనించాను, కుడిచేత్తో పట్టుకున్నానని.

సిగ్గేసింది. అయినా తలుపు కొట్టాను. ప్రణవ్ గారే తీశారు. నన్ను ఎగాదిగా చూశారు.

"ఎవరండి?"

"ఎదురింటివాణ్ణండి. కాఫీ పొడి ఉంటే కాస్త ఇస్తారా?"

ఆయన చూపు నా మొహం మీంచి గ్లాసు మీదికి జారింది. మొహం విప్పారింది. నేనెవరో తెలియలేదు, కానీ నేను ఎందుకొచ్చానో తెలిసింది. "ఉండకేమండి. దానికంత మొహమాటమేంటి" అని గ్లాసందుకుని లోపలికి వెళ్ళారు. లాస్య గారు లేవబోతే వద్దని సైగ చేశాను. వంటింట్లో మూతలు తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు. చాలాసేపటికి వచ్చారు, గ్లాసు మీద అరచెయ్యి బోర్లించి, ఒలక్కుండా.

"నిండుగా పోసేను" అన్నారు. "అమ్మ అలాగే ఇమ్మంటుంది."

ఇంటికొచ్చి చూస్తే గ్లాసు నిండా ఉప్మారవ్వ. మౌనిక చూసి, "రేపు కాఫీ లేదు, ఉప్మా ఉంది" అంది.

గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. రేపు ఏం పోసి వెనక్కి ఇవ్వాలా అని ఇద్దరం ఆలోచిస్తున్నాం.